పాత పైపులో లైనర్ లాగే ముందు ఇవి చూసుకోండి

తుప్పు పట్టిన స్టీల్ పైపులైన్‌ను తవ్వి తీయకుండా, లోపల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) లైనర్, అంటే లోపలి గొట్టం, లాగి మరికొన్నేళ్లు నడపొచ్చు. అయితే లోపల బిగుతుగా కూర్చునే ఈ లైనర్ తుప్పును ఆపుతుంది, అంతే. ఒత్తిడిని మోసేది స్టీలే. గోడ మందం కొలవకుండా ఈ పనికి దిగొద్దు.

షట్‌డౌన్‌లో వాల్వు మూశాం కదా అని ఊరుకోకండి, పాత వాల్వులు లోపల్లోపలే లీకవుతుంటాయి, బ్లైండ్ (పైపును పూర్తిగా మూసేసే ఇనుప పలక) వేయాల్సిందే. లైనర్ లాగడానికి పైపు దగ్గర తవ్విన గుంతలోకి మనిషి దిగే ముందు గ్యాస్ టెస్ట్ చేయండి. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ (కుళ్లిన గుడ్ల వాసన వచ్చే విషవాయువు) ఉండే లైన్ అయితే వాసన రావట్లేదన్న ధీమా అసలు వద్దు, ఎందుకంటే అది ఎక్కువైతే ముక్కే పనిచేయదు. అలాంటి లైన్లలోంచి పిగ్ (పైపు లోపల నడిపి శుభ్రం చేసే సాధనం) తోసుకొచ్చే నల్లటి మడ్డిలో ఐరన్ సల్ఫైడ్ ఉంటుంది, దాని తడి ఆరి గాలి తగిలితే దానంతటదే అంటుకుంటుంది. తడిపే ఉంచండి.

నా దృష్టిలో అసలు పని పైపు శుభ్రం చేసేటప్పుడే ఉంది. పిగ్‌లతో తుప్పు పెళ్లలు బయటికి తోశాక, అల్యూమినియం గేజ్ ప్లేట్ (పైపు లోపలి దారి సరిపడా ఉందో చూసే పలక) ఉన్న పిగ్ పంపండి. ప్లేటు అంచు మడతపడి వచ్చిందా, లోపల ఎక్కడో సొట్టో, పొడుచుకొచ్చిన వెల్డో ఉన్నట్టే. ఆ తర్వాత కూడా తొందరపడకుండా చిన్న లైనర్ ముక్కను ఆ చివర నుంచి ఈ చివరకు లాగి, ఆ ముక్క మీద పడ్డ గీతలు వేలితో తడిమి చూడండి, లోతు కొలవండి. లైనర్ మందంలో పదో వంతుకు మించి గీత పడితే ఆ అడ్డు తీసేదాకా అసలు లైనర్ ముట్టుకోవద్దు.

లాగేటప్పుడు వించ్ (తాడు చుట్టి లాగే యంత్రం) మీద లోడ్ మీటర్ ఉండాలి, తయారీదారు ఇచ్చిన పరిమితి దాటకూడదు, బిగిసిన తాడుకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. తాడు తెగితే తప్పుకునే టైం ఉండదు. లాగిన లైనర్ సాగి ఉంటుంది కాబట్టి వెంటనే కోయకుండా కుదురుకోనివ్వండి, లేకపోతే లైనర్ చివర ఫ్లాంజ్ (పైపు చివర బోల్టులతో బిగించే చక్రం) లోపలికి వెనక్కి పోతుంది. ఎండకూ చలికీ లైనర్ స్టీల్ కంటే పది రెట్లకు పైగా సాగి ముడుచుకుంటుంది.

లైన్ నడిచాక చాలామంది మర్చిపోయేది వెంట్‌లను, అంటే లైనర్ వెనక చేరిన గ్యాస్‌ను బయటికి వదిలే దారులను. గ్యాస్ ఉన్న లైన్‌లో కొంత గ్యాస్ ప్లాస్టిక్‌లోంచి ఊరి, లైనర్‌కీ స్టీల్‌కీ మధ్య చేరుతుంది. అది అలాగే ఉండగా లైన్ ఒత్తిడి ఒక్కసారిగా దించితే లైనర్ లోపలికి కూలిపోతుంది. వెంట్‌లను పద్ధతి ప్రకారం తెరిచి వదలండి, ఒత్తిడి నెమ్మదిగా దించండి. ఫ్లాంజ్ బోల్టులు కొన్నాళ్లకు మళ్లీ బిగించండి. లైనర్ ఉన్న పైపు మీద వెల్డింగ్ చేస్తే లోపల ప్లాస్టిక్ కరిగిపోతుంది కాబట్టి, డ్రాయింగుల్లోనే కాదు, పైపు మీద కూడా పెద్ద అక్షరాలతో రాయించండి: లోపల లైనర్ ఉంది, వెల్డింగ్ చేయరాదు.