ఒకే ఆర్వో నీళ్లు మనకూ చేపలకూ: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

కొత్త ఆర్వో బిగించిన వారానికి మా తొట్టిలో గప్పీ చేపలు నీటి పైకి వచ్చి వేలాడటం మొదలుపెట్టాయి. విప్పుకుని ఉండాల్సిన తోకలు పుల్లల్లా ముడుచుకుపోయాయి. మూడో రోజుకి నాలుగు పోయాయి. "మనం తాగే నీళ్లే కదరా, మనకి లేనిది వాటికెందుకు?" అని అమ్మ అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు వెతికితేనే మిగతా సమస్యలన్నీ అర్థమయ్యాయి. మనకి నీళ్లు తాగడానికి, చేపకి అందులోనే బతకడానికి. మన ఒంటికి కావలసిన ఉప్పులు అన్నంలో, కూరలో వస్తాయి. చేప ఒంట్లో ఉప్పులు నిలబడాలంటే చుట్టూ ఉన్న నీళ్లలో కొంతైనా ఉండాలి.

ముందు ఒక టీడీఎస్ మీటరు కొనండి. లీటరు నీళ్లలో కరిగిన ఉప్పులు ఎన్ని మిల్లీగ్రాములో అది చూపిస్తుంది. మూడు చోట్ల కొలిచి రాసుకోండి: ఆర్వోలోకి వెళ్లే నీళ్లు, మెంబ్రేన్ (ఉప్పుల్ని ఆపే పొర) నుంచి నేరుగా వచ్చే నీళ్లు, చివర కుళాయిలో వచ్చే నీళ్లు. ఈ మూడు అంకెలు లేకుండా టెక్నీషియన్‌ని పిలిస్తే ఆయన చెప్పిందే మనకి దిక్కు.

అసలు ఆర్వో కావాలా?

వచ్చే నీళ్ల టీడీఎస్ 200 లోపు ఉంటే, అవి ఏడాది పొడవునా మున్సిపల్ కుళాయి నీళ్లే అయితే, కార్బన్ ఫిల్టరూ యూవీ (క్రిముల్ని చంపే దీపం) ఉన్న మెషిన్ సరిపోతుంది. తాగే నీళ్ల భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 దాకా ఉండొచ్చు. అయితే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో సంపులోకి ఏ నీళ్లు వస్తున్నాయో నెలనెలా మారుతుంది. వానాకాలంలో కృష్ణా నీళ్లు, ఏప్రిల్‌లో బోరు, మేలో ట్యాంకరు. అందుకే ఒక్కరోజు కొలిచి నిర్ణయించకండి, ఎండాకాలం అంకె చూసి నిర్ణయించండి.

నల్గొండ లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో బోరు నీళ్లు తాగేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మీటరు ఫ్లోరైడ్‌ని విడిగా చూపించదు. అంకె 400 ఉన్నా అందులో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉండొచ్చు. ప్రమాణం లీటరుకి 1 మి.గ్రా., వేరే దారి లేకపోతే 1.5 దాకా. ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోవాలి.

నీళ్లు మార్చాక చేపలు పైకొచ్చి వేలాడుతున్నాయి, తోకలు ముడుచుకున్నాయి

మా ఇంట్లో జరిగింది ఇదే. తొట్టిలో పాత నీళ్లు 500 పైన ఉన్నాయి. నేను సగం తీసేసి, మెంబ్రేన్ నుంచి వచ్చిన 30 టీడీఎస్ నీళ్లు పోశాను. గంటలో చేప చుట్టూ ఉన్న నీళ్లు సగానికి పలచబడ్డాయి. గప్పీ, మోలీలు అసలే గట్టి నీళ్ల చేపలు, ఆ దెబ్బ తట్టుకోలేవు.

వెంటనే కనిపించని రెండో నష్టం కూడా ఉంది. తొట్టి ఫిల్టర్‌లో ఉండే మంచి బ్యాక్టీరియా చేపల వ్యర్థాన్ని మారుస్తున్నప్పుడు ఆమ్లం పుడుతుంది. నీళ్లలో బైకార్బొనేట్, అంటే కేహెచ్, ఉంటే ఆ ఆమ్లాన్ని మింగేస్తుంది. ఆర్వో నీళ్లలో అది దాదాపు సున్నా. దాంతో కొన్ని వారాల్లో పీహెచ్ జారిపోతుంది (అంటే నీళ్లు ఆమ్లంగా మారతాయి), బ్యాక్టీరియా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. నీళ్లు మాత్రం అద్దంలా మెరుస్తూనే ఉంటాయి.

పరిష్కారం నీళ్లు కలపడమే. బోరు 900, ఆర్వో 40 అనుకోండి. 20 లీటర్ల బకెట్‌లో 4 లీటర్ల బోరు, 16 లీటర్ల ఆర్వో పోస్తే అంకె 210 దగ్గరకి వస్తుంది. రకరకాల చేపలున్న మామూలు తొట్టికి ఇది బాగుంటుంది. గప్పీ, మోలీలకి బోరు వాటా పెంచండి, నియాన్ టెట్రాలకి తగ్గించండి. కలిపిన నీళ్లని ఒక పూట గాలి మోటారు పెట్టి ఉంచండి, బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది. తర్వాత రోజుకి తొట్టిలో పదో వంతు మాత్రమే మార్చండి. తప్పు జరిగిపోయిందని కంగారుపడి ఒకేసారి పాత నీళ్లలోకి వెనక్కి తెచ్చారా, అది రెండో దెబ్బ. పీహెచ్ ఒక్కసారిగా పెరిగితే అప్పటిదాకా పెద్దగా హాని చేయని అమ్మోనియా కూడా విషమవుతుంది.

ఎండాకాలంలో తొట్టి నీళ్లు ఆవిరైపోతుంటాయి కదా. ఆ తగ్గినంత మేరకు పోయడానికి మాత్రం కలపని ఆర్వో నీళ్లే వాడాలి. నీళ్లు ఆవిరైనా ఉప్పులు తొట్టిలోనే ఉండిపోతాయి. వాటిమీద మళ్లీ ఉప్పు నీళ్లే పోస్తూ పోతే రెండు నెలల్లో అంకె ఎక్కడికో వెళ్తుంది.

మున్సిపల్ నీళ్లు కలిపిన రోజే చేపలు పోతున్నాయి

క్లోరిన్. యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, లేదా వెడల్పు బకెట్‌లో గాలి మోటారు పెట్టి ఒక రోజు ఉంచండి.

రొయ్యలు, నత్తలు మాత్రమే చనిపోతున్నాయి

మీ మెషిన్ మీద "కాపర్" అని రాసి ఉందా? మనకి మంచిదని రాగి క్యాట్రిడ్జ్ పెడుతున్నారు. తొట్టిలోని రొయ్యలకి, నత్తలకి రాగి కొద్దిపాటి మోతాదులోనే విషం. కాబట్టి తొట్టికి కావలసిన నీళ్లని చివరి కుళాయి నుంచి పట్టకండి. మెంబ్రేన్ నుంచి మంచి నీళ్లు బయటికి వచ్చే సన్నపైపుకి ఒక టీ జాయింటు, దానికో చిన్న వాల్వ్ పెట్టించి అక్కడి నుంచి తీసుకోండి. బిగించేటప్పుడే చెప్పి చేయించుకుంటే పది నిమిషాల పని. ఒక జాగ్రత్త: బకెట్ నిండిన సంగతి మెషిన్‌కి తెలియదు. వాల్వ్ తెరిచి నిద్రపోతే పొద్దున్న వంటిల్లంతా నీళ్లే.

నీళ్లు చప్పగా ఉన్నాయి

మెంబ్రేన్ బాగా పనిచేస్తోందని అర్థం. చాలా మెషిన్లలో టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పితే మెంబ్రేన్ దాకా వెళ్లని నీళ్లు కొంచెం వచ్చి కలుస్తాయి, రుచి వస్తుంది. మున్సిపల్ నీళ్లయితే టీడీఎస్ 80 - 150 మధ్య పెట్టుకోండి. ఫ్లోరైడ్ ఉన్న బోరయితే ఆ మర పూర్తిగా మూసి ఉండాల్సిందే. దేన్ని ఆపడానికి ఆర్వో కొన్నామో, అదే ఆ పక్కదారిన గ్లాసులోకి వస్తుంది. రుచి కోసం మినరల్ క్యాట్రిడ్జ్ వేయించుకోండి.

అంకె ఉన్నట్టుండి పెరిగింది

మెంబ్రేన్ మార్చాలని వెంటనే అంటారు. ఆగండి. రాత్రంతా ఆగి ఉన్న మెషిన్ నుంచి పొద్దున్న వచ్చే మొదటి నీళ్లలో అంకె ఎక్కువే ఉంటుంది. పది నిమిషాలు నడిచాక కొలవండి. తర్వాత మెంబ్రేన్ దగ్గరి అంకె, కుళాయి అంకె పోల్చండి. మెంబ్రేన్ దగ్గర 40, కుళాయిలో 220 అయితే ఎవరో కంట్రోలర్ తిప్పారు. మా ఇంట్లో సర్వీసుకి వచ్చినాయన సరిగ్గా ఇలాగే మర తిప్పి మెంబ్రేన్ పోయిందని చెప్పాడు. రాసి పెట్టుకున్న అంకెలు చూపించాక మళ్లీ బిగించాడు.

మెంబ్రేన్ దగ్గరే పెరిగితే లెక్క వేయండి. లోపలికి 800, బయటికి 60 అంటే 92 శాతం ఆపుతోంది, బాగున్నట్టే. 80 శాతానికి దిగితే మార్చాలి. కొత్తది వేసి ఏడాది కాకుండానే పోయిందంటే ముందున్న కార్బన్ ఫిల్టర్ సమయానికి మార్చలేదేమో చూడండి. క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ పొర దెబ్బతింటుంది. కొత్తది బిగించాక మొదటి 10 - 20 లీటర్లు పారబోయండి.

ట్యాంకు నిండటానికి గంటలు పడుతోంది

ఒక కొలత గ్లాసు, ఫోన్‌లో టైమరు చాలు. మెంబ్రేన్ నుంచి నిమిషానికి ఎంత వస్తోంది, వేస్ట్ పైపులో (మెంబ్రేన్ ఆపిన ఉప్పులతో బయటికి పోయే నీళ్లు) ఎంత వస్తోంది, రెండూ పట్టండి. రోజుకి 75 గ్యాలన్ల మెంబ్రేన్ బాగుంటే మంచి నీళ్లు నిమిషానికి 200 మి.లీ. దగ్గర ఉంటాయి, వేస్ట్ దానికి రెండు మూడింతలు.

రెండూ తక్కువైతే మెంబ్రేన్ జోలికి వెళ్లకండి. లోపం ముందే ఉంది: ఇన్‌లెట్ కుళాయి సగమే తెరిచి ఉండటం, తెల్ల స్పన్ ఫిల్టర్ మట్టితో గోధుమ రంగుకి తిరగడం, లేదా పంపు బలహీనపడటం. పై అంతస్తు ఫ్లాట్లలో ట్యాంకు నెత్తిమీదే ఉండి ఒత్తిడి చాలదు. మూడు మీటర్ల ఎత్తుకి వచ్చే ఒత్తిడి నాలుగు పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మాత్రమే. మంచి నీళ్లు తగ్గి, వేస్ట్ మామూలుగానే ఉంటే మెంబ్రేన్ మీద సున్నం పేరుకుంది. వేస్ట్ బాగా పెరిగితే ఆ పైపులో నీళ్లని అదుపు చేసే ఫ్లో రిస్ట్రిక్టర్ పోయింది, అది చిన్న వస్తువు, మార్చేయండి.

మే నెల మధ్యాహ్నం డాబా మీది నల్ల ట్యాంకు నీళ్లు చెయ్యి కాలేలా వస్తాయి. మెంబ్రేన్లు సాధారణంగా 45 డిగ్రీల దాకానే. ఆ నెలల్లో తెల్లవారుజామునే నింపుకుని మధ్యాహ్నం స్విచ్ ఆపేయండి.

మెషిన్ ఆగినా వేస్ట్ పైపు కారుతోంది

ప్లగ్ తీసి చూడండి. అయినా కారుతుంటే కరెంటు లేనప్పుడు నీళ్లు ఆపే సోలినాయిడ్ వాల్వ్‌లో మట్టి ఇరుక్కుంది, మార్చాలి. ప్లగ్ తీస్తే ఆగి, పెడితే మాత్రం ట్యాంకు నిండినా పంపు ఆగకపోతే, ట్యాంకు నిండగానే దాన్ని ఆపాల్సిన ఫ్లోట్ స్విచ్ చూడండి.

పైపు జాయింట్ల దగ్గర చెమ్మ ఉంటే చాలాసార్లు పైపుని ఏటవాలుగా కోయడమే కారణం. బ్లేడుతో నిటారుగా కోసి, చివరిదాకా నెట్టండి.

వేస్ట్ నీళ్లు తొట్టిలో పోయొచ్చా?

గట్టి నీళ్ల చేపలున్నాయి కదా అని అడుగుతుంటారు. వద్దు. బోరులోని ఫ్లోరైడ్, నైట్రేట్ అన్నీ చిక్కబడి వచ్చేది ఆ పైపులోనే. బాత్రూమ్ కడగడానికి, ఇల్లు తుడవడానికి వాడండి. తొట్టికి కావలసిన ఉప్పులు కుళాయిలో, బోరులో ఎలాగూ ఉన్నాయి.