జాంజిబార్ వెళ్తున్నారా? అక్కడ నీళ్లు వెనక నుంచి వస్తాయి

రెండు వారాల కిందట, పోలాల అమావాస్య మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి నాకు ఫోన్ వచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చిన కొత్త జంట. అమ్మాయి నా స్నేహితుడి చెల్లెలు. టాంజానియాలో భాగమైన జాంజిబార్ దీవి తూర్పు తీరంలో పాజే అనే ఊళ్లో దిగారు. ఫోన్‌లో మాట లేదు, ఏడుపూ గాలి హోరూ తప్ప. సాయంత్రానికి విషయం తెలిసింది. తడి తగలని ఇసుకలో నడుచుకుంటూ కిలోమీటరు లోపలికి వెళ్లిన వాళ్లు, మెడలోతు నీళ్లలో చిక్కుకుపోయారు. అమ్మాయికి ఈత రాదు. దూరంగా న్గలావా (రెండు పక్కలా తేలే దుంగలు కట్టిన చిన్న తెరచాప పడవ) మీద వెళ్తున్న ఓ కుర్రాడు చూసి, తెప్ప తిప్పి, ఇద్దర్నీ ఎక్కించుకున్నాడు. మర్నాడు నేను వెళ్లి చూసేసరికి ఆమె కుడి పాదం అడుగున నల్లటి చుక్కలు, లెక్కపెడితే పదిహేడు. అన్నీ సముద్రపు ముళ్లకాయల (ఒళ్లంతా ముళ్లుండే చిన్న సముద్ర జీవుల) ముళ్లు, లోపలే విరిగిపోయి ఉన్నాయి.

నేను టాంజానియా పెద్ద నగరం దార్ ఎస్ సలామ్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. మనవాళ్లు ఎవరొచ్చినా జాంజిబార్ చూపించమంటారు. ఈ పదకొండేళ్లలో ఇలాంటి ఫోన్ నాకు ఇది నాలుగోది. నాలుగుసార్లూ ఒకటే తప్పు. దసరా సెలవులకి టికెట్లు కొనుక్కున్నవాళ్లు చాలామంది ఉన్నారని తెలిసి ఇది రాస్తున్నాను. దొంగలు, పర్సులు, మంచినీళ్ల సీసాలు లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ఆ తప్పు ఏమిటంటే, ఆటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తీసినప్పుడు, తిరిగొచ్చే టైమ్ తెలుసుకోకుండా లోపలికి నడవడం.

మనకిది ఎందుకు అర్థం కాదో చెబుతాను. విశాఖలోనో, సూర్యలంకలోనో, మంగినపూడిలోనో సముద్రం చూసి పెరిగినవాళ్లం. మన తీరంలో ఆటుకీ పోటుకీ మధ్య తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు. అలలు కాస్త ముందుకొస్తాయి, కాస్త వెనక్కి పోతాయి. జాంజిబార్‌లో అమావాస్యకీ పౌర్ణమికీ ఆ తేడా దాదాపు నాలుగు మీటర్లు. పాజే, జంబియాని, బ్వేజూ, మటెమ్వే తీరాల్లో నేల చాలా చదును. అందుకని నీళ్లు కిలోమీటరుకు పైగా లోపలికి పోతాయి. పొద్దున ఈదిన చోట పది గంటలకి సైకిళ్లు తొక్కుతుంటారు. చూసినవాళ్లకి ఎలా ఉంటుందంటే, సముద్రం సెలవు పెట్టి వెళ్లిపోయినట్టు.

అసలు ప్రమాదం ఇక్కడుంది. ఒడ్డుకి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరంలో పగడపు దిబ్బ గోడలా ఉంటుంది. ఆ దిబ్బ దగ్గర నేల ఎత్తు. ఒడ్డుకీ దిబ్బకీ మధ్య పల్లం, అందులో కాలవల్లాంటి దారులు. పోటు మొదలైనప్పుడు నీళ్లు దిబ్బకి ఉన్న గండ్లలోంచి దూరి, ముందు ఆ పల్లాన్ని నింపుతాయి. మీరు దిబ్బ మీద పొడి కాళ్లతో నిలబడి నక్షత్రచేపని ఫోటో తీస్తుంటారు. అలలు ఎదురుగా ఎప్పటిలాగే విరుగుతుంటాయి. మీకేమీ మారినట్టు అనిపించదు. వెనక్కి తిరిగేసరికి మీరు నడిచొచ్చిన దారి ఉండదు. నీళ్లు ముందు నుంచి రావు, వెనక నుంచి వస్తాయి. దీన్ని పిల్లలతో సహా అందరికీ చెప్పి ఉంచండి.

ఎంత వేగంగా వస్తాయి? పోటు నిండడానికి ఆరు గంటలు పడుతుంది కదా అని ధైర్యపడొద్దు. ఆరు గంటలూ ఒకే తీరుగా నిండదు. నాలుగు మీటర్ల పోటులో మొదటి గంటలో సుమారు ముప్పై సెంటీమీటర్లు పెరుగుతుంది, అంటే పిక్కల్లోతు. రెండో గంట చివరికి మీటరు, నడుములోతు. మూడో గంట చివరికి రెండు మీటర్లు. పల్లంలో, కాలవల్లో లోతు ఇంకా ఎక్కువ, పైగా ప్రవాహం ఉంటుంది. ఈత వచ్చినవాళ్లని కూడా పక్కకి లాక్కుపోతుంది. కింద ముళ్లకాయలు ఉంటాయి కాబట్టి కాలు ఆనించి నిలబడే వీలుండదు.

దసరా గురించి ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల దగ్గర వచ్చే అమావాస్య, పౌర్ణమి పోట్లు ఏడాదిలో పెద్దవి. మహాలయ అమావాస్య, ఆశ్వయుజ పౌర్ణమి ఆ రోజుల దగ్గర్లోనే పడతాయి. మన సెలవులు రెండింటికీ మధ్యలో. ఈ పెద్ద పోటుని అక్కడివాళ్లు బంవూవా అంటారు. ఆ రోజుల్లో ఆటు ఉదయం పది, పదకొండు మధ్య అడుగంటుతుంది. అంటే మీరు టిఫిన్ చేసి, సన్‌స్క్రీన్ రాసుకుని, సరదాగా బయల్దేరే టైమ్‌కి. రోజుకి సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు.

ఇక గడియారం. ఆ జంట నిర్లక్ష్యంగా వెళ్లలేదు, అడిగే వెళ్లారు. ముందురోజు రాత్రి వాచ్‌మన్‌ని అడిగితే వచ్చీరాని ఇంగ్లీషులో "ఐదింటికల్లా వచ్చేయండి" అన్నాడట. ఆయన చెప్పింది నిజమే. అక్కడ స్వాహిలీ మాట్లాడేవాళ్లు గంటల్ని సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. మన ఉదయం ఏడు వాళ్లకి సా మోజా, ఒకటో గంట. పది గంటలు సా న్నే, నాలుగో గంట. పదకొండు సా తానో, ఐదో గంట. మన పంచాంగంలో సూర్యోదయాదిగా ఘడియలు లెక్కపెట్టినట్టే. ఆయన ఐదు అన్నది పదకొండు గంటలకి. వీళ్లు సాయంత్రం ఐదు అనుకున్నారు. పదిన్నరకి బయల్దేరారు, తీరిగ్గా తిరిగారు. పన్నెండున్నరకి వెనక్కి చూశారు.

కాబట్టి టైమ్ నోటిమాటగా వినొద్దు. వాచీ చూపించి, ముల్లు ఎక్కడికొచ్చేసరికి రావాలో వేలు పెట్టి చూపించమనండి. హోటళ్లలో చాలాచోట్ల ఆటుపోట్ల పట్టిక బోర్డు మీద రాసి ఉంటుంది, ఫోటో తీసుకోండి. ఆటు అడుగంటే టైమ్ కంటే గంటన్నర ముందు బయల్దేరండి, అడుగంటే వేళకి తిరుగుముఖం పట్టండి. ఆ క్షణానికి ఎంత దూరం వెళ్లారన్నది లెక్కలోకి తీసుకోవద్దు. దిబ్బ ఇంకో వంద అడుగులే ఉన్నా సరే, తిరగండి.

ఇసుక తిన్నెల ట్రిప్పులకీ ఇదే మాట. స్టోన్ టౌన్ (జాంజిబార్ పాత పట్టణం) ఎదురుగా నకుపెండా, దక్షిణాన ఫుంబా వైపు తిన్నెలు, ఇవన్నీ పోటులో మునిగేవే. అక్కడ మిమ్మల్ని దింపి, ఇంకో బేరానికి వెళ్లొస్తానంటే పడవవాణ్ని వెళ్లనివ్వకండి. మిచంవి దగ్గర బండ మీద ఓ రెస్టారెంట్ ఉంది, ఆటులో నడిచి వెళ్లి పోటులో పడవ మీద తిరిగొస్తారు. అక్కడ పడవ పెడతారు. మామూలు బీచ్‌లో మీకోసం ఎవరూ పెట్టరు. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే, ఈతే ముఖ్యమైతే, ఉత్తరాన నుంగ్వీ, కెండ్వా వైపు దిగండి. అక్కడ నీళ్లు అంత దూరం పోవు.

బయల్దేరే ముందు చేయాల్సినవి.

ఇథియోపియా, కెన్యా ఎల్లో ఫీవర్ (దోమకాటుతో వచ్చే ప్రమాదకరమైన జ్వరం) ఉన్న దేశాలు. అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో వెళ్లేట్టయితే, మధ్యలో ఆగేట్టయితే, టీకా వేయించుకోండి. కార్డు లేకపోతే తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టగలరు. టీకా వేసుకున్న పది రోజులకి గానీ కార్డు చెల్లదు, కనుక చివరి వారం దాకా ఆగొద్దు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. మలేరియా మాత్రల గురించి డాక్టర్ని అడగండి. ఇంటికొచ్చాక రెండు మూడు నెలల్లోపు జ్వరమొస్తే, మొదటి మాటగా "ఆఫ్రికా వెళ్లొచ్చాను" అని చెప్పండి. చెప్పకపోతే వైరల్ ఫీవర్ అనుకుని రోజులు గడిచిపోతాయి.

2024 అక్టోబర్ 1 నుంచి జాంజిబార్‌లో దిగే విదేశీ సందర్శకులు అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్ కొనాలి, పెద్దవాళ్లకి 44 డాలర్లు. మీ దగ్గర వేరే ఇన్సూరెన్స్ ఉన్నా ఇది తప్పదు. ముందే ఆన్‌లైన్‌లో కట్టేయండి.

పడవల విషయం. 2011 సెప్టెంబర్ 10న ఉంగూజా (జాంజిబార్ పెద్ద దీవి) నుంచి పెంబా దీవికి వెళ్తున్న స్పైస్ ఐలాండర్ అనే ఫెర్రీ మోయగలిగినదానికన్నా చాలా ఎక్కువ జనాన్ని ఎక్కించుకుని మునిగింది. వందల మంది పోయారు. ఏడాది తిరక్కుండా 2012 జులై 18న స్కాజిట్ అనే ఫెర్రీ చుంబే దీవి దగ్గర బోల్తాపడింది. అది కుసీ గాలుల కాలం. ఏప్రిల్, మే నుంచి సెప్టెంబర్ దాకా దక్షిణపు గాలి గట్టిగా వీస్తుంది. దార్ నుంచి పెద్ద ఫెర్రీలో రెండు గంటల ప్రయాణం, పగటిపూటే వెళ్లండి. చిన్న పడవ ఎక్కేముందు లైఫ్ జాకెట్ వేసుకుని, బకిల్ పెట్టి చూడండి. సీటు కింద ఉన్నాయంటే ఒప్పుకోవద్దు. పిల్లల సైజు లేకపోతే పిల్లల్ని ఎక్కించొద్దు.

స్టోన్ టౌన్‌లో జాగ్రత్త వేరే రకం. పగడపు రాయీ సున్నంతో కట్టిన ఊరు అది, 2000లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. 1883 నాటి బైత్ అల్ అజాయిబ్, అంటే వింతల భవనం, 2020 డిసెంబర్ 25న ఒక పక్క కూలింది, పనివాళ్లు చనిపోయారు. పాత బాల్కనీల కింద నిలబడొద్దు, ముఖ్యంగా వాన పడ్డాక. కంచె కట్టిన చోటికి ఫోటో కోసం వెళ్లొద్దు.

ఆంగ్లికన్ చర్చి ఉన్నది బానిసల సంత జరిగిన చోటే. 1873లో ఆ సంత మూతపడింది. పక్కన భూగర్భ గదులు చూపిస్తారు, తల వంచి దిగాలి, కూర్చుంటే తల పైకప్పుకి తగులుతుంది. దయచేసి అక్కడ గొలుసులు పట్టుకుని సెల్ఫీలు దిగొద్దు. మనవాళ్లు దిగడం నేను చూశాను. పక్కనే నిలబడ్డ స్థానిక గైడ్ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

ఊరంతా దాదాపు ముస్లింలే. బీచ్ దాటితే భుజాలూ మోకాళ్లూ కప్పుకోండి, మగవాళ్లు కూడా. కిజింకాజీ దింబానీ మసీదులో 1107 నాటి శాసనం ఉంది, చూడాల్సిందే, కానీ అడిగి, చెప్పులు విప్పి, నమాజు వేళ తప్పించి వెళ్లండి. పెద్దవాళ్లు కనిపిస్తే "షికమో" అనండి, "మరహబా" అని బదులిస్తారు. ఆ ఒక్క పలకరింపుతో మీకు దారి చెప్పేవాళ్లు పదిమంది పుడతారు, ఆటు వేళ చెప్పేవాళ్లు కూడా.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

దసరా రోజులకి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, ఈ దీవి భూమధ్యరేఖకి ఆరు డిగ్రీలే దక్షిణం. నీళ్లలో వీపు కాలుతున్నట్టు తెలియదు. చొక్కాతో దిగండి.

రబ్బరు అడుగున్న బూట్లు లేకుండా నీళ్లలో కాలు పెట్టొద్దు. హవాయి చెప్పులు బూట్లు కావు.

ముళ్లు గుచ్చుకుంటే పిన్నీసుతో కెలకొద్దు, క్లినిక్‌కి వెళ్లండి. రాతిచేప (రాయిలా కనిపించే, విషపు ముళ్లున్న చేప) కుడితే నొప్పి భరించరానిదిగా ఉంటుంది. కాలు ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పెట్టి అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

శంఖాలు, పగడాలు, తాబేలు చిప్పలు కొనొద్దు, ఏరొద్దు, సూట్‌కేసులో పెట్టొద్దు.

ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు తీసుకెళ్లొద్దు. నిషేధం.

జొజానీ అడవిలో ఎర్ర కొలోబస్ కోతులకి తిండి పెట్టొద్దు, ముట్టుకోవద్దు. ఈ దీవుల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేవవి. అడవి పక్క రోడ్డు మీద డ్రైవర్‌ని నెమ్మదిగా పొమ్మనండి.

చంగూ దీవిలో పెద్ద తాబేళ్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టొద్దు.

డాల్ఫిన్ల వెంట పడవ తరిమితే ఆపమని గట్టిగా చెప్పండి.

తాగి నీళ్లలోకి దిగొద్దు. రాత్రి ఆటులో అసలే నడవొద్దు.

ఫోన్‌లో అలారం పెట్టుకోండి, ఆటు అడుగంటే టైమ్‌కి. మోగగానే తిరగండి.

ఒక్కరే వెళ్లొద్దు. ఎక్కడికి వెళ్తున్నారో హోటల్లో చెప్పకుండా వెళ్లొద్దు.

అప్పటికే చిక్కుకుంటే కాలవకి అడ్డంపడి ఈదే ప్రయత్నం చేయొద్దు. అందుబాటులో ఉన్న ఎత్తైన చోటికి వెళ్లి చొక్కా తీసి ఊపండి. పడవలు తిరుగుతుంటాయి, చూస్తారు. ఎంత తొందరగా ఊపితే అంత మంచిది, నీళ్లు మోకాలు దాటకముందే. సిగ్గుపడి ఆలస్యం చేసినవాళ్లే మెడదాకా వెళ్లారు.

ఇంకొకటి. ఆ లోతు తక్కువ నీళ్లలో వరసగా పుల్లలు పాతి, తాళ్లు కట్టి ఉంటాయి. వాటికి సముద్రపు నాచు పెంచుతారు, ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఆ తాళ్లు తొక్కొద్దు, అవి వాళ్ల పంట. వాళ్లు ఏ వైపు ఉన్నారో మాత్రం ఎప్పుడూ ఓ కన్నేసి ఉంచండి. వాళ్లు కోసిన నాచు మూటలు ఎత్తుకుని ఒడ్డువైపు మళ్లారంటే, మీ అలారం ఇంకా మోగకపోయినా సరే, తీస్తున్న ఫోటో సగంలో ఉన్నా సరే, వాళ్ల వెనకే మళ్లండి.