థాంప్సన్ కచేరీకి వెళ్తున్నారా? నోరు జాగ్రత్త

క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో ఒక హోటల్ వంటగదిలో గిన్నెలు కడిగే మన కుర్రాడు మొన్న థాంప్సన్ కచేరీలో తీసుకున్న వీడియో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. 11 సెకన్లు. గాయకుడు ఒక మాట అంటాడు, జనం రెండో మాట అందుకుంటారు, అందరికన్నా గట్టిగా మనవాడి గొంతే. మర్నాటి నుంచి పక్కనే కూరగాయలు తరిగే సెర్బు పెద్దాయన అతన్ని పలకరించడం మానేశాడు. యజమాని పిలిచి, అర్థం తెలిసే అరిచావా అని అడిగాడు. తెలియదు.

ఆగస్టు 5 వస్తోంది. 1995లో క్రొయేషియా సైన్యం తిరుగుబాటు సెర్బుల నుంచి క్నిన్ పట్టణాన్ని తిరిగి గెలుచుకున్న రోజు, సెలవు. ఆ రోజున సొంత ఊరు చవోగ్లావేలో పాడటం గాయకుడు మార్కో పెర్కోవిచ్‌కు ఎన్నో ఏళ్ల ఆనవాయితీ. తొంభైల స్వాతంత్ర్య యుద్ధంలో మోసిన థాంప్సన్ తుపాకి పేరే ఆయనకు స్థిరపడింది. 2025 జూలై 5న జాగ్రెబ్ హిప్పోడ్రోమ్ కచేరీకి దాదాపు 5 లక్షల టికెట్లు అమ్ముడయ్యాయి. నీళ్లు, టోపీ, బస్సు సంగతులు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది నోటి సంగతి.

వేదిక మీద నుంచి "జా దోమ్" అని వినిపిస్తుంది. మాతృభూమి కోసం అని. జనం "స్ప్రెమ్ని" అంటారు. సిద్ధం అని. సిద్ధం అంటే మనకు ఎన్నికల సభ గుర్తొస్తుంది, ఇక్కడివాళ్లకు 1941 గుర్తొస్తుంది. నాజీల అండతో ఇక్కడ ఏర్పడిన ఉస్తాషా ప్రభుత్వపు నినాదం అది. ఆ ప్రభుత్వం నడిపిన యాసెనోవాత్స్ శిబిరంలో చనిపోయినవారిలో 83 వేలకు పైగా పేర్లు అక్కడి స్మారక కేంద్రం జాబితాలో ఉన్నాయి. సెర్బులు, రోమాలు (జిప్సీలు), యూదులు, ఎదురు తిరిగిన క్రొయేషియన్లు. తొంభైల యుద్ధంలో కొందరు సైనికులు ఇదే నినాదంతో పోరాడారు కాబట్టి తమకది వాళ్ల గుర్తు మాత్రమేననే అభిమానులూ ఉన్నారు. ఆ గొడవ వాళ్లది, మనం తలదూర్చేది కాదు.

మైకులో ఎవరు సగం అన్నా మిగతా సగం అందించడం మనకు అలవాటు. ఆడియో ఫంక్షన్లలో పెరిగిన గొంతులు మనవి. ముంచేది ఆ అలవాటే. సగం మాటకు సగం అందించకండి.

పాటలోనే ఉంది కదా అంటారు. "బోయ్నా చవోగ్లావే" పాటలో భాగంగా థాంప్సన్ ఆ నినాదం అంటే నేరం కాదని 2020లో ఇక్కడి కోర్టు ఒకటి తేల్చింది. ఆ తీర్పు ఆయనకు, ఆ పాటకు. ట్రామ్‌లో అరిచిన మీకు కాదు. మీకు జరిమానా పడవచ్చు.

తాగి వెళ్లకండి. ఆ పాట మొదలవగానే ఫోను జేబులో పెట్టేయండి. కుడిచెయ్యి చాచి ఊపకండి, నాజీ వందనం అనుకుంటారు. బయట అమ్మే నల్ల టీషర్టు కొనేముందు దాని మీద ఏముందో ఎవరితోనైనా చదివించుకోండి. ఉస్తాషా గుర్తయిన పెద్ద యు (U) అక్షరం ఉంటే ముట్టుకోకండి. అది వేసుకుని వియన్నా బస్సు అసలే ఎక్కకండి, ఆస్ట్రియాలో ఉస్తాషా చిహ్నాలపై 2019 నుంచి నిషేధం ఉంది. తోటి సెర్బు ఉద్యోగిని సరదాకి కూడా కచేరీకి రమ్మనకండి. మీకు సెలవైన రోజు, ఆయనవాళ్లకు ఇల్లు వదిలి ట్రాక్టరు ఎక్కిన రోజు. ఎవరి పక్షం అని అడిగితే పాట వినడానికి వచ్చానని చెప్పి కదలండి. తిరిగి వచ్చేటప్పుడు ఒంటరిగా రావద్దు, విదేశీ డెలివరీ కుర్రాళ్ల మీద దాడులు ఇప్పటికే జరిగాయి. చప్పట్లు కొట్టండి, ఈలలు వేయండి. ఆ రెండో మాట మాత్రం వద్దు. పక్కవాడు భుజం తట్టి అనమన్నా వద్దు. పాత వీడియోలుంటే ఈ రాత్రే తీసేయండి.

మనవాడు తనది రెండో రోజే తీసేశాడు. సెర్బు పెద్దాయన ఇదివరకు పొద్దున్నే రెండు కప్పుల కాఫీ తెచ్చేవాడు. ఇప్పుడు ఒకటే తెచ్చుకుంటున్నాడు.