వేరే స్టేట్‌కి కార్లో వెళ్తున్నారా? స్పీడింగ్ టికెట్ పడకుండా ఎలా చూసుకోవాలి

లాంగ్ వీకెండ్ వస్తే చాలు, న్యూజెర్సీ నుంచి షార్లెట్‌కో అట్లాంటాకో కారేసుకుని బయల్దేరతారు మనోళ్లు. హోటలూ, దారిలో దోసె ఎక్కడ దొరుకుద్దో అన్నీ చూసుకుంటారు గానీ మధ్యలో వచ్చే స్టేట్ల స్పీడ్ రూల్స్ మాత్రం చూడరు. ఒకచోట ఫైన్ కట్టేసి మర్చిపోయే స్పీడే పక్క స్టేట్‌లో క్రిమినల్ కేసు అవుద్ది, అందుకే ఇంతగా చెప్తున్నా.

1. ముందు వర్జీనియా సంగతి తెలుసుకోండి

ఈ రూట్‌లో అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. లిమిట్ మీద 20 మైళ్లు ఎక్కువ పోయినా, లిమిట్ ఎంతున్నా సరే 85 దాటినా అది రెక్‌లెస్ డ్రైవింగ్, అంటే క్లాస్ 1 మిస్‌డిమీనర్ (మామూలు టికెట్ కాదు, క్రిమినల్ నేరం), 12 నెలల దాకా జైలు, 2,500 డాలర్ల దాకా ఫైన్ వేయొచ్చు. ఐ-95 హైవే మీద లిమిట్ 70 ఉన్నచోట పక్కన అందరూ దూసుకుపోతున్నారు కదా అని మీరూ 86కి వెళ్లారనుకోండి, లిమిట్ కన్నా 16 ఎక్కువే కదా అనిపిస్తది, కానీ కేసు పడిపోద్ది. జైలు దాకా పోకపోయినా కన్విక్షన్ అయితే రికార్డులో క్రైమ్ ఉండిపోతుంది, వీసా స్టాంపింగ్‌కి నింపే డీఎస్-160లో అరెస్టులు, కన్విక్షన్ల గురించి అడుగుతారు. హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్నవాళ్లకి 2,500 డాలర్ల కన్నా ఇదే పెద్ద తలనొప్పి.

పోలీసుల స్పీడ్ రాడార్‌ని పసిగట్టే రాడార్ డిటెక్టర్ ఉంటే ఇంట్లోనే పెట్టేసి రండి, వర్జీనియాలో, వాషింగ్టన్ డీసీలో అది చట్టవిరుద్ధం. జార్జియాలో అయితే సూపర్ స్పీడర్ అని ఉంది, 85 గానీ, టూ లేన్ రోడ్డు మీద 75 గానీ టచ్ అయితే కోర్టు ఫైన్ కాకుండా స్టేట్ ఇంకో 200 డాలర్లు వేస్తుంది.

2. రోడ్డు మీద

ఐ-95 జామ్ అయిందని మ్యాప్స్ చిన్న హైవేల్లోకి తిప్పుద్ది చూడండి, అక్కడ ఊరు రాగానే లిమిట్ 55 నుంచి 45, 35 అని టకటకా పడిపోద్ది. క్రూయిజ్ కంట్రోల్‌లో పెట్టుకుని కబుర్లలో పడ్డవాళ్లు దొరికేది అక్కడే. కొత్త లిమిట్ ఆ బోర్డు దగ్గరే మొదలవుద్ది, కాబట్టి బోర్డు దూరంగా కనపడగానే కాలు తీసేయండి. పోలీసులు ఎక్కడున్నారో చూపించే వేజ్ యాప్ పెట్టుకోండి గానీ దాన్నే నమ్ముకోవద్దు, విమానం నుంచి స్పీడ్ చూసే స్టేట్లు కూడా ఉన్నాయి. షోల్డర్ మీద, అంటే రోడ్డు అంచున, పోలీస్ కారు లైట్లతో ఆగి ఉంటే లేన్ మారాలి, కుదరకపోతే స్లో అవ్వాలి, 50 స్టేట్లలోనూ మూవ్ ఓవర్ చట్టం ఉంది.

3. కాప్ ఆపితే

సిగ్నల్ వేసి కుడి షోల్డర్‌లో ఆపండి. ఇండియాలోలా దిగి "సార్ సార్" అంటూ ఎదురెళ్లొద్దు, ఇక్కడ అది ప్రమాదం. ఇంజన్ ఆపి, అద్దం దించి, చేతులు స్టీరింగ్ మీదే ఉంచండి, గ్లవ్ బాక్స్‌లో రిజిస్ట్రేషన్ ఉంటే చెప్పి తీయండి. డబ్బుల మాట అసలు ఎత్తొద్దు. టికెట్ మీద సంతకం పెట్టమంటే పెట్టేయండి, అది తప్పు ఒప్పుకున్నట్టు కాదు.

4. టికెట్ పడ్డాక

ఇంటికి రాగానే ఆన్‌లైన్‌లో కట్టేస్తే నేరం ఒప్పుకున్నట్టే, ఇన్సూరెన్స్ కూడా పెరగొచ్చు. ముందు ఆ కౌంటీలోనే ప్రాక్టీస్ చేసే ట్రాఫిక్ లాయర్‌కి ఫోన్ చేయండి, చాలా కేసుల్లో మీరు వెళ్లక్కర్లేకుండా ఆయనే కోర్టుకి వెళ్తారు. వర్జీనియా రెక్‌లెస్ అయితే స్పీడోమీటర్ కాలిబ్రేషన్ (మీటర్ సరిగ్గా చూపిస్తోందో లేదో చెక్) చేయించి ఆ పేపర్ ఇవ్వండి, మీటర్ తప్పు చూపిస్తుంటే జడ్జి దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. వీసా మీద ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కూడా అడగాలి, అదీ కోర్టు డేట్‌కి ముందే, తీర్పు వచ్చాక అడిగి లాభం లేదు. వేరే స్టేట్ కదా ఎవరొస్తారులే అని మాత్రం వదిలేయకండి, మీ హోమ్ స్టేట్‌లోనే లైసెన్స్ సస్పెండ్ అవ్వొచ్చు.