రోజుకు 10 చాయ్‌ల నుంచి 3కు దిగడం ఎలా?

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు దిగే కాలంలో తెల్లారకముందే మొదలైన చాయ్ కాంటాలు అయ్యేదాకా నడుస్తూనే ఉంటుంది. మొదట్లో ఒక్క కప్పుకే హుషారైన మనిషికి ఏడాది తిరిగేసరికి నాలుగు తాగినా తాగినట్టుండదు. తప్పు చాయ్‌ది కాదు. అలసిపోయామని మెదడుకు కబురు చేసే అడినోసిన్ అనే రసాయనానికి చాయ్‌లోని కెఫీన్ అడ్డుపడుతుంది. రోజూ అడ్డుపడుతుంటే మెదడు ఆ కబురు అందుకునే గ్రాహకాలను పెంచుకుంటుంది. ఇక పొద్దుటి చాయ్ చేసేదల్లా రాత్రంతా తాగనందుకు వచ్చిన నలతను తీర్చడమే. ‘తాగకుంటే తలకాయ గుంజుతది’ అనేది ఇందుకే.

1. ముందు మూడు రోజులు ఏమీ తగ్గించకుండా లెక్క రాయండి: ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరితో. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో 150 మి.లీ. టీలో 30 నుంచి 65 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది, రోజుకు 300 మి.గ్రా. దాటొద్దంటుంది. బండి దగ్గరి కాగితం కప్పు 70 మి.లీ. అనుకుంటే అవి ఎనిమిది, ఇంట్లో 150 మి.లీ. పెద్ద కప్పులు రెండు కలిపి సుమారు 170 నుంచి 370 మి.గ్రా. దాకా పోతుంది. చాయ్‌పత్త ఎంత వేశారు, ఎంతసేపు మరిగింది అన్నదాన్ని బట్టి ఈ తేడా.

2. కోత సాయంత్రం నుంచి మొదలుపెట్టండి. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. 6 గంటలకు తాగింది రాత్రి 11కు సగం ఒంట్లోనే ఉంటుంది. నిద్ర సరిపోక పొద్దున ఇంకో కప్పు కావాలనిపిస్తుంది. పొద్దుటి మొదటి చాయ్‌ని మాత్రం చివరిదాకా కోయొద్దు. చాలామంది దాన్నే ముందు మానేసి, మధ్యాహ్నానికి తలనొప్పితో ఓడిపోతారు.

3. మూడు రోజులకొక కప్పు చొప్పున తగ్గించండి. 10 నుంచి 3కు 21 రోజులు. అంత కష్టమైతే వన్ బై టూ చెప్పండి, సగం సగంగా దిగండి.

4. ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు, మబ్బుగా ఉండటం మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో ముదిరి, కొందరికి 9 రోజుల దాకా సాగుతాయి. మెల్లగా దిగేవారికి ఇవి చాలా తక్కువ. ఒక చిక్కుంది: దుకాణంలో అడగ్గానే ఇచ్చే తలనొప్పి గోళీల్లో కొన్నింటిలో కెఫీన్ కూడా ఉంటుంది. నొప్పి తగ్గుతుంది, లెక్క మాత్రం మళ్లీ మొదటికొస్తుంది. గోళీ వేసుకునే ముందు పట్టీ వెనుక చదవండి.

5. నిజానికి అన్నిటికన్నా మొండిది కెఫీన్ కాదు, బండి దగ్గర నిలబడే ఆ పది నిమిషాలు. వాటిని తీసేస్తే మనిషి నిలవడు. దోస్తులతో వెళ్లండి, మాట్లాడండి, చేతిలో సల్లో అల్లం నీళ్లో ఉండనివ్వండి. చాయ్ బదులు ఇన్‌స్టంట్ కాఫీకి మారితే ఒరిగేదేమీ లేదు, 150 మి.లీ. కప్పులో 50 నుంచి 65 మి.గ్రా. ఉంటుంది.

అన్నానికి ముందు ఒక గంట, తర్వాత ఒక గంట చాయ్ వద్దు. అందులోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తం తక్కువున్న ఆడవాళ్లకు ఇది మరీ ముఖ్యం. సింగరేణిలో నైట్ షిఫ్ట్ చేసేవారు తమ చాయ్‌లను షిఫ్ట్ మొదటి సగంలోనే ముగించుకుంటే పొద్దున ఇంటికెళ్లాక నిద్ర పడుతుంది.

ఈ పద్ధతి చాయ్‌కే. అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడినవారు దీన్ని చూసి సొంతంగా మానొద్దు, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. వాళ్లు డాక్టర్ చూస్తుండగా మందులతోనే దిగాలి. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ నంబర్ 14446.