ఇంట్లో సబ్బు, 6వ పాఠం: నీళ్ల బదులు కొబ్బరిపాలు పోస్తే

కొలతలు ఇవి: కొబ్బరినూనె 200 గ్రాములు, పామోలిన్ 150, నువ్వులనూనె 100, ఆముదం 50, కాస్టిక్ సోడా 73, నీళ్లు 146. ఈసారి మార్చేది నీళ్లనే. కానీ కొబ్బరిపాలైనా, కల్లైనా, నిమ్మరసమైనా ఉత్త నీళ్లలా ఊరుకోవు. వాటిలోని చక్కెర, కొవ్వు, పులుపు కాస్టిక్‌తో తగువు పెట్టుకుంటాయి. సబ్బు చెడితే ముందు ఆ మూడింట్లో ఎవరి పనో చూడాలి.

ముందుగా రంగు. సోడాను నేరుగా పాలలో వేస్తే చూస్తుండగానే పసుపు, తర్వాత నారింజ, ఆపైన ఇటుక రంగు, ముక్కు పగిలే అమ్మోనియా కంపు. ఆ వేడికి చక్కెర మాడింది, మాంసకృత్తులు విరిగాయి. ఆరేకొద్దీ కంపు పోతుంది, రంగు మాత్రం ఉండిపోతుంది. అందుకే ద్రవాన్ని సగం చేయండి. 73 గ్రాముల నీళ్లలో 73 గ్రాముల సోడా కొద్దికొద్దిగా వేసి (సోడా మీద నీళ్లు ఎప్పుడూ పోయొద్దు) పూర్తిగా కరిగించాలి. మిగతా 73 గ్రాములు చల్లటి కొబ్బరిపాలు. వాటిని నూనెల్లో కలిపి చిలికాక, 35 డిగ్రీల దగ్గర కాస్టిక్ నీళ్లు సన్నటి ధారగా పోయాలి. గిన్నె స్టీలుదే, అల్యూమినియం వద్దు. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు ఉండాల్సిందే.

రెండోది జిడ్డు. నెల ఆరినా ముక్క మెత్తగా, వేలి ముద్ర పడేలా ఉందా? చిక్కటి మొదటి పాలలో ఐదో వంతు దాకా కొవ్వే ఉంటుంది. అంటే 73 గ్రాములకు సుమారు 15 గ్రాముల నూనె లెక్కలో లేకుండా లోపలికి వచ్చింది. సబ్బుగా మారకుండా మిగలాల్సిన నూనె 6 శాతం, అది 9కి చేరింది. కొన్నాళ్లకు నారింజ మచ్చలు, పాత నూనె వాసన కూడా రావచ్చు. కొబ్బరినూనెను 185కు తగ్గించండి, లేదా రెండో పాలు వాడండి. కొత్తవాళ్లకు రెండో పాలే సుఖం.

నిమ్మరసం సంగతి తిరగబడుతుంది. 10 గ్రాముల సిట్రిక్ ఆమ్లం 6.2 గ్రాముల సోడాను తినేస్తుంది. 73 గ్రాముల రసంలో ఆమ్లం నాలుగు గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి సోడా 2.5 గ్రాములు పెంచాలి. మజ్జిగ పులుపు అంత లెక్కలోకి రాదు.

అచ్చులో పోశాక నడిమి భాగం ముదురు రంగు జెల్లీలా మారి, పైన ఉబ్బి చీలిందంటే చక్కెర పుట్టించిన వేడి. కొబ్బరినీళ్లు, చెరుకురసంతో ఇది మామూలే. దుప్పటి కప్పకండి, అచ్చును ఫ్రిజ్‌లో పెట్టండి. కల్లయితే ముందుగా సగానికి మరిగించి, రాత్రంతా చల్లార్చాలి. సారా, గ్యాస్ మిగిలితే కాస్టిక్ పొంగి గిన్నె దాటుతుంది.

పసుపు వేసిన సబ్బు ఎర్రబడితే కంగారు వద్దు. పసుపు, సున్నం కలిపితే పారాణి ఎర్రబడదూ, అదే పని.

చీలికల్లో నీరు ఊరితే చేత్తో ముట్టకండి, అది కాస్టిక్ కావచ్చు. ముక్కను తురిమి, 30 గ్రాముల నీళ్లు చల్లి, వేడినీళ్ల గిన్నెపై గంటసేపు కలుపుతూ ఉడికించి మళ్లీ అచ్చులో నొక్కండి. నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వండి. కాగితం మీద తేదీ, పోసిన ద్రవం, సోడా బరువు రాసి పక్కన ఉంచండి. 7వ పాఠం కలబందది. అక్కడ తగువు పీచుతో.