అనంతపురం నుంచి మ్యూజియం వేసవి శిబిరానికి దరఖాస్తు ఎలా పెట్టాలి?

ఏప్రిల్ మూడో వారం వచ్చిందంటే మా వీధిలో ఈ మాట వినబడుతుంది: "వీడు రోజంతా ఫోన్ వదలడం లేదు, ఏదైనా బొమ్మల క్లాసులో వేద్దామా?" ఊళ్లో డ్రాయింగ్ క్లాసులకు కొదవ లేదు. మ్యూజియం వాళ్ల వేసవి శిబిరం మాత్రం వేరు. అక్కడ పిల్లలు అసలు శిల్పాన్నో, పాత చిత్రాన్నో ఎదురుగా చూస్తూ గీస్తారు, మట్టితో చేస్తారు. దరఖాస్తు నింపడానికి పది నిమిషాలు చాలు. సీటు దొరకడమా, చేజారడమా అన్నది ఆ పది నిమిషాలకు ముందు మీరు చూసుకునే తేదీలను, బసను, కాగితాలను బట్టే ఉంటుంది.

ముందు తేదీల సంగతి. మన రాష్ట్రంలో స్కూళ్లకు 2024లోనూ 2025లోనూ వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు ప్రకటించారు. ఢిల్లీ వాళ్ల వేసవి మనకన్నా ఆలస్యం. అక్కడి నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 2020లో కరోనా వల్ల తన 'నైమిష' వేసవి కార్యక్రమాన్ని ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు అది జూన్ 8న మొదలై జూలై 3న ముగిసింది. ఆ ఏడాది స్కూళ్లే లేవు కాబట్టి సరిపోయింది. మామూలు ఏడాదిలో అవే తేదీలైతే మన పిల్లలకు ఐదో రోజుకే బడి తెరుస్తారు. కాబట్టి ప్రకటన కనబడగానే ఫీజు కన్నా ముందు తేదీలు చూడండి.

నేరుగా వెళ్లాలంటే మనకు దగ్గర బెంగళూరు, సుమారు 210 కిలోమీటర్లు. అక్కడ ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు మాన్షన్‌లో పైన చెప్పిన నేషనల్ గ్యాలరీ శాఖ ఉంది, కస్తూర్బా రోడ్డులో 2023లో తెరిచిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ ఉంది. రెండింటికీ సోమవారం సెలవు. కర్నూలు వాళ్లకు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం అనుకూలం, దానికి శుక్రవారం సెలవు. వేసవిలో అక్కడ పిల్లలకు ఆర్ట్ క్యాంపు పెడుతుంటారు. కానీ రోజుకు రెండు మూడు గంటల క్లాసు కోసం వారం రోజులు లాడ్జిలో దిగితే శిబిరం ఫీజు కన్నా లాడ్జి బిల్లే పెద్దదవుతుంది. ఆ ఊళ్లో పిన్నో, మేనత్తో ఉంటేనే నేరుగా వెళ్లే శిబిరం గురించి ఆలోచించండి. లేకపోతే ఆన్‌లైనే మేలు, ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

కాగితాల్లో సాధారణంగా అడిగేవి మూడు: వయసు రుజువు, ఫొటో, తల్లిదండ్రుల సంతకంతో అంగీకార పత్రం. వయసుకు ఆధార్ గానీ జనన ధ్రువపత్రం గానీ చాలు. కొన్నిచోట్ల స్కూల్ స్టడీ సర్టిఫికెట్ కూడా కావాలంటారు. దీన్ని సెలవులు ఇవ్వకముందే తీసి పెట్టుకోండి. మే నెలలో స్కూలుకు వెళితే వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు.

మన వాళ్లను బాగా తిప్పలు పెట్టేది పేరు. ఫారంలో 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అని రెండు గడులుంటాయి. మన ఇంటిపేరేమో ముందుంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, స్కూల్ రికార్డులో ఒక్క అక్షరమే ఉంటుంది, జనన ధ్రువపత్రంలో ఒక్కోసారి పేరే ఉండదు. ఇంటిపేరును 'లాస్ట్ నేమ్' గడిలో రాయండి, అసలు పేరును మొదటి గడిలో రాయండి. ఏ కాగితం జతచేస్తున్నారో అందులో ఉన్న అక్షరాలే వాడండి. సర్టిఫికెట్ మీద పేరు కూడా ఇక్కడి నుంచే పడుతుంది.

వయసు గడి దగ్గర తొందరపడొద్దు. '8 నుంచి 12 ఏళ్లు' అంటే ఏ తేదీ నాటికో ప్రకటనలో వెతకండి. దరఖాస్తు రోజుకా, శిబిరం మొదలయ్యే రోజుకా అన్నదాన్ని బట్టి మే నెలలో పుట్టినవాళ్లు ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు మారిపోతారు.

పెద్ద పిల్లల శిబిరాలకు రెండు మూడు బొమ్మలు పంపమని, ఎందుకు చేరాలనుకుంటున్నారో నాలుగు వాక్యాలు రాయమని అడగవచ్చు. బొమ్మను పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, నేరుగా పైనుంచి ఫొటో తీయండి. సైజు పరిమితి దాటితే ఫారం తీసుకోదు కాబట్టి తగ్గించి పెట్టుకోండి. ఇక ఆ నాలుగు వాక్యాలు. "నాకు కళలంటే చాలా ఇష్టం" అని అందరూ రాస్తారు. హిందూపురం దగ్గరి లేపాక్షికి మన పిల్లలు విహారయాత్రకు వెళ్లే ఉంటారు. 16వ శతాబ్దంలో ఆ గుడి పైకప్పు మీద వేసిన బొమ్మల్లో ఆడవాళ్ల చీరల అంచులు చూసి ఉంటే, అవి ధర్మవరం చీరల్లా అనిపించాయా లేదా అన్నది రాయమనండి. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయడం చూసిన పిల్లవాడైతే ఇంకేం కావాలి! ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక తోలు మీద వేసిన రంగు, వెనక దీపం పెడితే ఎలా మెరుస్తుందో పిల్లవాడు తన మాటల్లో రాస్తే చాలు. మీరు మాత్రం దిద్దకండి. పెద్దవాళ్ల ఇంగ్లిష్ ఇట్టే తెలిసిపోతుంది.

ఫారం నెట్ సెంటర్‌లో నింపించినా ఈమెయిలూ ఫోన్ నంబరూ మీవే ఇవ్వండి. మా అక్క కొడుక్కి ఒకసారి ఇలాగే నింపించాం. త్వరగా అయిపోవాలని సెంటర్ అబ్బాయి తన మెయిలే కొట్టేశాడు. సీటు వచ్చింది, లింకూ వచ్చింది, అతని ఇన్‌బాక్స్‌కి. మాకు తెలిసేసరికి శిబిరం మూడో రోజు నడుస్తోంది. అతన్ని అని ఏం లాభం, ప్రింట్ తీసి చదువుకోని తప్పు మాదే.

ఆన్‌లైన్‌లో విదేశీ మ్యూజియాల క్లాసులకు కూడా చేరవచ్చు. అమెరికాలో వేసవి శిబిరాలు ఎక్కువగా జూన్ చివర నుంచి ఆగస్టు దాకా నడుస్తాయి. అప్పటికి మన బడులు తెరిచేసి ఉంటాయి. అయినా న్యూయార్క్‌లో ఉదయం 10 గంటల క్లాసు మనకు రాత్రి 7:30కి పడుతుంది. హోంవర్క్ సంగతి చూసుకుంటే కుదురుతుంది. లండన్‌లో ఉదయం 10 అంటే మాత్రం మనకు మధ్యాహ్నం 2:30, బడి వేళ. 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు ఆన్‌లైన్‌లో తీసుకోవడానికి అమెరికా చట్టం ప్రకారం తల్లిదండ్రుల అనుమతి కావాలి, అందుకే ఖాతా మీ పేరుతో తెరవమంటారు. ఫీజు దగ్గర యూపీఐ పనిచేస్తుందని లెక్క వేసుకోవద్దు. కార్డు కావాలి. 2020లో వచ్చిన రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు ఆపేసే ఇస్తారు. బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేసుకుని, పని అయ్యాక ఆఫ్ చేయండి. కట్టేముందు, రాలేకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా అన్న పేజీ చదవండి.

డబ్బు పెట్టే ఉద్దేశం లేకపోతే దరఖాస్తే అక్కర్లేని దారులున్నాయి. గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లో సాలార్‌జంగ్ సేకరణ ఇంట్లో కూర్చునే చూడొచ్చు. పైన చెప్పిన బెంగళూరు కస్తూర్బా రోడ్డు మ్యూజియం వాళ్ల 'మ్యాప్ అకాడమీ' వెబ్‌సైట్‌లో భారతీయ ఆధునిక కళ మీద, వస్త్రాల మీద ఉచిత కోర్సులున్నాయి. ఇవి ఇంటర్ పిల్లలకూ టీచర్లకూ పనికొస్తాయి, చిన్నవాళ్లకు బరువు. వాళ్లకైతే వేసవిలో గ్రంథాలయాల్లో పెట్టే విజ్ఞాన శిబిరాలే నయం.

దరఖాస్తు పంపాక వచ్చే నంబర్‌ను స్క్రీన్‌షాట్ తీసుకోండి. రెండు మూడు రోజులైనా మెయిల్ రాకపోతే స్పామ్ ఫోల్డర్ చూసి, అప్పుడు ఫోన్ చేయండి. వెయిటింగ్ లిస్టులో ఉన్నామంటే ఆశ వదులుకోనక్కర్లేదు, మొదటి రోజు రానివాళ్లు ఎప్పుడూ ఉంటారు. మీకే కుదరకపోతే ముందే ఒక మెయిల్ పెట్టండి, ఆ సీటు ఇంకో పిల్లవాడికి వెళుతుంది.

ఆన్‌లైన్ క్లాసుకు ఫోన్‌ను రెండు స్టీలు డబ్బాల మధ్య నిలబెడితే టీచర్‌కు కాగితం కనబడుతుంది. మే నెల కరెంటు కోతల్ని నమ్మలేం కాబట్టి వైఫై ఉన్నా డేటా ప్యాక్ వేయించుకోండి. నేరుగా వెళ్లేవాళ్లు ఒరిజినల్ ఆధార్, నీళ్ల సీసా తీసుకెళ్లండి. పిల్లలకు పాత చొక్కా వేసి పంపండి. యాక్రిలిక్ రంగు ఒకసారి ఆరితే ఎంత ఉతికినా పోదు.